మనం తాగే నీళ్లే

పద్మావతమ్మ బండి ముక్కు ఎప్పుడూ దారివైపే ఉండాలి. ఇంటి ముందు నిలిపినా, మండలాఫీసు ముందు నిలిపినా, ప్రొద్దుటూరులో ఫకీర్ సాహెబ్ షెడ్డుకు రిపేరుకు తెచ్చినా వెనక్కి నడిపి లోపల పెట్టాల్సిందే. చీకట్లో తలుపు తీస్తే లోపల ఎవరున్నారో బయటికి కనపడకూడదని బల్బు పీకేశారు. దూకాల్సి వస్తే అడ్డం పడతాయని సీటు బెల్టులు సందుల్లోకి దోపేశారు. ఎక్కడికి పోవాలని డ్రైవరు అడగకూడదు. ఇంజన్ ఆడుతుండగా అమ్మ ఎక్కుతుంది, ఎక్కినాక చెబుతుంది. బానెట్ మీద పార్టీ జెండా ఉంది గానీ, ఈ అలవాట్లు పార్టీ నేర్పినవి కావు. రెండేళ్ల కిందట ఆమె భర్తను అచ్చం ఇట్లాంటి బండిలోనే నరికి చంపారు. అప్పటినుంచి పార్టీ, ఊరు, పగ అన్నీ ఆమె నెత్తిమీదికే వచ్చాయి.

ఇంకో ఏర్పాటు కూడా ఉంది గానీ అది డ్రైవరు కృపావరానికీ ఫకీర్ సాహెబుకీ తప్ప మూడోవాడికి తెలియదు. ఈ రకం కొత్త బండ్లకు వేగం అందుకోగానే నాలుగు తలుపులకూ వాటంతట అవే గడియలు పడతాయి. బండి కొన్న వారంలోనే కృపావరం ఆ వైరు కోయించాడు. ఎందుకని సాయిబు అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఆ శనివారం షెడ్డులో అమ్మ కాపలామనిషి ఆదెన్న ముక్కాలిపీట వేసుకుని బండికి మూరెడు దూరంలో కూర్చున్నాడు. గొర్లు కాసే ఇంట పుట్టిన మనిషి, మంద మీద నుంచి చూపు తిప్పకుండా దినమంతా నిలబడగలడు. ఇప్పుడు ఆ చూపంతా పద్మావతమ్మ మీదా ఆమె బండి మీదా పెట్టాడు. సాయిబు పానా పట్టుకుంటే పానా వైపు, గుడ్డ పట్టుకుంటే గుడ్డ వైపు మెడ తిరుగుతోంది.

"నట్టు నట్టుకూ దిష్టి తగుల్తాదప్పా, కొంచెం అట్ల పక్కకు చూడు," అన్నాడు ఫకీర్ సాహెబ్, రేడియేటర్ అడుగున ప్లాస్టిక్ బిరడాను వేళ్లతోనే విప్పుతూ. పాత నీళ్లు తుప్పురంగులో బకెట్లోకి కారాయి. బిరడాను గుడ్డతో తుడిచి, రబ్బరు వాచరు చూసి, మళ్లీ వేళ్లతోనే బిగించాడు. తర్వాత డబ్బా మూత తీసి, గరాటు పెట్టి, చిక్కటి పచ్చరంగు కూలెంటు పోయసాగాడు.

ఆదెన్న లేచి నిలబడ్డాడు. "ఏందది?"

"షర్బత్తు," అన్నాడు సాయిబు.

"తమాసలాడాకు. నీళ్లు పోసేకాడ రంగునీళ్లు ఎందుకు పోస్తాండావు?"

"మన సీమ బోరునీళ్లు పోస్తే లోపల సున్నం కట్టుకోని సస్తాది మామా. ఇది పోస్తే ఎండకు కాగదు, పైపులు మూసకపోవు," అని కృపావరం సర్దిచెప్పాడు. ఆదెన్న వంగి వాసన చూశాడు. తియ్యగా ఉంది. ఆ తియ్యదనమే అతనికి నచ్చలేదు. ఈ సాయిబు ఎదుటి పార్టీవాళ్ల బండ్లు కూడా బాగు చేస్తాడు. నిన్న ఇదే రిపేరు గుంత మీద వాళ్ల జీపు నిలబడి ఉండొచ్చు.

"హీటరు పైపులు తీసేద్దునా కృపావరం? కడపజిల్లాలో హీటరు ఎవనిక్కావాల?" అన్నాడు సాయిబు.

"ఉండనీ మామా. దాని పాటికి అది ఉంటాది."

బిల్లు ఇచ్చి బయటపడేదాకా ఆదెన్న ఆ ఖాళీ డబ్బా వైపే చూస్తున్నాడు.

*

కృపావరం ఆదివారం పొద్దున ఒక్క పూట సెలవు పుచ్చుకుంటాడు. కొలువులో చేరేటప్పుడు అడిగింది అదొక్కటే. జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగినవాడు కనుక ప్రార్థన మానడు. తొండూరు దగ్గరి ఈ పల్లెలో ఎస్సీ కాలనీ చివర రేకుల చర్చి ఉంది, అక్కడికే పోయాడు. తిరిగొచ్చేసరికి బండి కడిగి ఉంది. దాని కింద నేల కూడా తడిగా ఉంది.

"నేనే కడిగినాలే," అన్నాడు ఆదెన్న, చేతులు పంచెకు తుడుచుకుంటూ. "పొద్దన్నే వాయిదా గదా."

సోమవారం వాయిదా సామాన్యమైంది కాదు. భర్త హత్యకేసులో పద్మావతమ్మ జమ్మలమడుగు కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఆమె బోనెక్కకపోతే కేసు నీరుగారిపోతుందని వకీలు తెగేసి చెప్పాడు. ఆ సంగతి ఆమె శత్రువులకూ తెలుసు. అందుకే పద్మావతమ్మ తన మనుషులున్న జీపును ముందుగా, అందరూ చూసేట్టుగా ప్రొద్దుటూరు చుట్టు దారిన పంపింది. తను ముద్దనూరు మీదుగా అడ్డంగా పోవాలని రాత్రే అనుకుంది గానీ పైకి చెప్పలేదు.

రోజూ పొద్దున బానెట్ ఎత్తి నీళ్లూ ఆయిలూ చూసుకోనిదే కృపావరం తాళంచెవి తిప్పడు. ఆ పొద్దున అమ్మ చెప్పిన వేళకంటే ముందే గడప దాటింది. ఆమె వాకిట్లో నిలబడకూడదు, అది అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు. బానెట్ మీద వేసిన చేయి తీసేసి గబగబా సీట్లోకి ఎక్కాడు. ముందు సీట్లో ఆదెన్న, కాళ్ల దగ్గర గోనెసంచి. ఆ సంచిలో ఏముంటుందో కృపావరం ఎన్నడూ అడగలేదు. గుంత వచ్చినప్పుడల్లా మాత్రం బ్రేకు మీద కాలు పువ్వు మీద పెట్టినట్టు పెడతాడు.

"ముద్దనూరు మింద పోనీ," అంది పద్మావతమ్మ.

ముద్దనూరు దాటేదాకా అంతా బాగానే ఉంది. గుట్టల మధ్య ఎక్కుడు మొదలైనాక కృపావరం చూపు మీటరు మీద పడింది. టెంపరేచర్ ముల్లు సగం దాటింది. ఎండకేమో అనుకున్నాడు. రెండు మలుపులు తిరిగేలోగా అది ముప్పావుకు వచ్చింది. ఏసీ కట్టేశాడు. ముల్లు ఆగలేదు.

ఇట్లాంటప్పుడు చేయాల్సింది చిన్నపిల్లవాడైనా చెబుతాడు. బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి. కానీ ఎదురుగా కల్వర్టు కనిపిస్తోంది. రెండేళ్ల కిందట అయ్య బండి ఆగింది ఆ కల్వర్టు దగ్గరే. రోడ్డుకు అడ్డంగా ముళ్లకంప వేసి ఆపారు. ఆ బండి డ్రైవరు మునెయ్య తన పక్క తలుపు తోసుకుని దూకి పారిపోయి బతికాడు. వెనక కూర్చున్న అయ్యకు తలుపు రాలేదు. గడియ పడి ఉంది. మునెయ్యే గడియలు వేసి, అయ్యను వాళ్లకు అప్పజెప్పి పోయాడని అందరూ అన్నారు. నెల తిరక్కుండా మునెయ్య కనపడకుండా పోయాడు. ఎట్లా పోయాడని ఊళ్లో ఎవరూ అడగలేదు. అతని పెండ్లాం సంజీవమ్మ మూటాముల్లె సర్దుకుని పులివెందులకు పోయి ఇడ్లీబండి పెట్టుకుంది.

ఆ మునెయ్య కూర్చున్న చోటే ఇప్పుడు తను కూర్చున్నాడు.

"ఏందప్పా, నిదానం జేస్తాండావు?" అన్నాడు ఆదెన్న. గొంతు మామూలుగానే ఉంది గానీ చేయి సంచి మీదికి పోయింది.

"ఎక్కుడు గదా."

"రోజూ ఎక్కే ఎక్కుడేగా."

కృపావరం అద్దాలన్నీ దించి, హీటరు మీట చివరిదాకా తిప్పి, గాలి నాలుగో నంబరులో పెట్టాడు. ఇంజన్ వేడి కొంతైనా ఇటు లాగేస్తే అది బతుకుతుంది. మే నెల ఎండలో పొయ్యిలో నుంచి వచ్చినట్టు మొహాల మీదికి వేడిగాలి కొట్టింది. ఆదెన్న ఉలిక్కిపడి వెనక్కి వాలాడు. పద్మావతమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఏం జేస్తాండావురా?" అన్నాడు ఆదెన్న. అంతవరకు అతను కృపావరాన్ని రా అని పిలిచింది లేదు.

"ఇంజన్లో నీళ్లు అయిపోతాండాయి మామా. ఈ గాలి పెడితే కొంచెం తట్టుకుంటాది."

"శనివారం నిండా పోయించినాం. రెండు దినాలకే యాడికి పోయినాయి?"

అదే కృపావరానికీ అర్థం కాలేదు. అద్దంలో వెనక ఒక సుమో కనపడింది. మలుపు తిరిగినా వెంటే వస్తోంది, దగ్గరవుతోంది కూడా. ఆదెన్న సంచి మూతి విప్పాడు. అతని కళ్లు వెనక సుమో మీద సగం, కృపావరం చేతుల మీద సగం ఉన్నాయి. ఇప్పుడు బండి ఆగితే ముందు తన మెడ మీద పడేది ఆదెన్న చెయ్యేనని కృపావరానికి తెలిసిపోయింది. యాక్సిలేటర్ మీద కాలు తీయకుండా మడమను గట్టిగా నేలకు ఒత్తిపెట్టాడు.

"అమ్మా," అన్నాడు, అద్దంలోకి చూడకుండానే. "ఆపితే ఇంజన్ బతుకుతాది. ఆపకుంటే పోయినా పోతాది. ఈడ నేను ఆపలేను."

"పోనీ," అంది పద్మావతమ్మ.

కల్వర్టు దాటింది. మిట్ట ఎక్కుతుండగా హీటరు గాలి చల్లబడింది. ఆదెన్న హమ్మయ్య అనుకున్నాడు, కృపావరం మాత్రం మీటరు వైపు చూశాడు. గాలి చల్లబడిందంటే పైపుల్లో ఇక నీటిచుక్క లేదని అర్థం. ముల్లు ఎర్రగీత మీద ఉంది. మిట్ట తల మీదికి రాగానే గేరు తప్పించి, ఇంజన్ను ఊరికే ఆడనిస్తూ దిగుడులో బండిని దాని బరువుకే వదిలాడు. బ్రేకు కొద్దికొద్దిగా పడుతూ, ఎదురొచ్చే లారీలకు హారన్ కొడుతూ, మెడలో సిలువ దారాన్ని పళ్లతో కొరికి పట్టుకుని దించాడు. సుమో కూడా దిగింది.

జమ్మలమడుగు మొదట్లోనే మిషన్ ఆసుపత్రి గేటు కనపడగానే, అడగకుండా బండి లోపలికి తిప్పేశాడు. అక్కడ మనుషులుంటారు. అతని భార్య రాహేలు అక్కడే ఆయా. వేపచెట్టు కిందికి చేరేసరికి ఇంజన్ ఒక్కసారి కొట్టుకుని ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది.

సుమో కూడా గేట్లోకి వచ్చింది. ఆదెన్న సంచిలో చేయి పెట్టాడు. సుమో తలుపు తెరుచుకుంది. ఇద్దరు ఆడవాళ్లు నొప్పులు పడుతున్న ఒక పిల్లను రెండు పక్కలా పట్టుకుని దించారు. "తప్పుకోండప్పా, తప్పుకోండి," అంటూ వాళ్ల వెంట వచ్చిన ముసలామె ఆదెన్నను భుజంతో తోసుకుంటూ పోయింది. ఆదెన్న చేయి సంచిలోనే ఉండిపోయింది.

పద్మావతమ్మ దిగి, చెమటకు తడిసిన జాకెట్టు మీద కొంగు సర్దుకుని, గేటు బయట ఆటోను పిలిచింది. అంతటి మనిషి ఆటోలో కోర్టుకు పోవడం అక్కడున్నవాళ్లు నోరు తెరుచుకుని చూశారు. ఆదెన్న ఆమె పక్కన ఎక్కుతూ వెనక్కి తిరిగి కృపావరాన్ని చూసిన చూపు మంచిది కాదు.

*

ఇంజన్ చల్లారేదాకా ఆగి, కృపావరం బండి కింద దూరాడు. రేడియేటర్ అడుగున బిరడా నిలువునా పగిలి ఉంది. దాని చుట్టూ కటింగ్ ప్లేయరు పళ్ల గాట్లు ఉన్నాయి. సాయిబు దీన్ని వేళ్లతో తప్ప బిగించడు. కింద వేలాడుతున్న ఒక్క చుక్కను అరచేతిలో పట్టాడు. పచ్చగా లేదు. ఆరితే తెల్లటి పొడి మిగిలింది.

నిన్న తడిసిన నేల గుర్తొచ్చింది. పంచెకు తుడుచుకున్న చేతులు గుర్తొచ్చాయి.

రాహేలు చెంబుతో నీళ్లు తెచ్చింది. మొగుడి మొహం చూసి, చేతిలో బిరడా చూసి, అడిగి అడిగి సంగతంతా చెప్పించుకుంది. "నువ్వు నోరు మూసుకో," అంది. "ఏమీ తెలీదను. ఆ ఇంట్లో మాటకు మనిషి పోతాడు. నాకు మునెయ్య పెండ్లాం బతుకు వద్దు."

"తెలీదంటే సాయిబు మిందికి పోతారే."

"పోనీ."

ఆ మాట అన్నాక రాహేలే తలొంచుకుంది. సాయిబు కూతురు షంషాద్ కాన్పు ఈ ఆసుపత్రిలోనే అయింది. రాహేలే పసిబిడ్డకు నీళ్లు పోసింది.

ఎండ వాలాక ఆటో వచ్చింది, దాని వెనకే తమ జీపు, జీపు నిండా మనుషులు. పద్మావతమ్మ సాక్ష్యం చెప్పి వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

"సాయిబేనమ్మా," అంటున్నాడు ఆదెన్న, ఆటో దిగుతూనే. ఆ మాట దారంతా అంటూ వచ్చినట్టున్నాడు. "ఎదుటోల్ల దుడ్లు తినుంటాడు. పచ్చనీళ్లు పోసినప్పుడే నాకు అనుమానం."

ఆమె కృపావరాన్ని అడగను కూడా అడగలేదు. జీపులోని వాళ్లతో, "ప్రొద్దుటూరు పోయి వాన్ని ఎక్కించుకోని రాండి," అంది. జీపు వెనక్కి తిరగడం మొదలుపెట్టింది.

"సాయిబు కాదమ్మా," అన్నాడు కృపావరం.

జీపు ఆగింది. ఆదెన్న కృపావరం చేతిలోని బిరడాను అప్పుడు చూశాడు. అతని మొహంలో నెత్తురు లేకుండా పోయింది. అంతటి మనిషి అట్లా అయిపోవడం చూస్తే కృపావరానికి జాలేసింది.

"మరెవురు?"

"నేనే. ప్లేయరుతో బిగించినా. పగిలింది."

"ఎప్పుడు?"

"నిన్న పొద్దున."

"నిన్న పొద్దున నువ్వు ప్రార్థనకు పోతివి. మధ్యాన్నం నుంచి బీగంచెవి నాకాడ ఉండె." ఆమె గొంతు పెంచలేదు. "ఎవరికోసరం అబద్ధమాడతాండావు?"

రాహేలు ఆసుపత్రి మెట్ల మీద నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కృపావరం బిరడాను గుప్పిట్లో మూశాడు. ఏం చెప్పినా ఎవరో ఒకరు పోతారు.

"నేనమ్మా," అన్నాడు ఆదెన్న.

వేపచెట్టు కింద అందరూ అతని వైపు తిరిగారు.

"ఆ పచ్చనీళ్లు చూస్తే నాకు నిద్ర పట్టలా. తీపి వాసనొచ్చె. లోపల ఏమన్నా కాల్చే మందు పోసినాడేమో, దారిలో అంటుకుంటాదేమో అనుకున్యా. సాయిబు విప్పినట్టే విప్పి, అంతా పారబోసినా. మల్ల బిగిస్తే వేళ్లకు పట్టు రాలా, ప్లేయరుతో తిప్పినా." అతను చేతులు జోడించలేదు, ఏడవలేదు, ఊరికే నేల మీద గొంతుక్కూర్చున్నాడు. "వేరే ఏం పోయలేదమ్మా. మన బోరు నీళ్లే. మనం తాగే నీళ్లే."

జీపులోంచి ఇద్దరు దిగారు. "ఊరికి పోయినాక మాట్లాడదాం, లెయ్ ఆదెన్నా," అన్నాడు ఒకడు మెత్తగా. మునెయ్యను కూడా ఇంత మెత్తగానే పిలుచుకుపోయారని కృపావరం విని ఉన్నాడు. వాళ్లు ఆదెన్న చంకల కింద చేతులు వేశారు. అతను పెనుగులాడలేదు.

కృపావరం రెండేళ్లు దాచుకున్నది అప్పుడు నోట్లోంచి వచ్చేసింది.

"అమ్మా, అయ్య బండి తలుపులు మునెయ్య వెయ్యలేదమ్మా."

పద్మావతమ్మ అతని వైపు చూసింది.

"ఆ రకం బండ్లకు స్పీడు అందుకుంటే నాలుగు గడియలూ వాటంతట అవే పడతాయి. డ్రైవరు తలుపు మాత్రం పిడి లాగితే వస్తాది. వెనకోల్లు ముందు గుబ్బ పైకి లాగాల, తర్వాత పిడి లాగాల. బండి కొత్తది. ఎవరికీ తెలీదు. మునెయ్యకూ తెలీదు. ఈ బండికీ అట్లే ఉంటే కొన్నప్పుడే వైరు కోయించినా."

"నాకెందుకు చెప్పలా?"

"నేను కొలువులో చేరేటప్పటికే మునెయ్య లేడమ్మా. ఎట్ల చెప్పేది?"

లోపల వార్డులో ఎక్కడో పసిబిడ్డ ఏడుపు మొదలైంది. "డ్రైవరు గడియలేసి దూకినాడని ఇప్పుడే, ప్రమాణం జేసి చెప్పొచ్చినా," అంది పద్మావతమ్మ చివరికి, ఎవరితోనూ కాకుండా. తర్వాత జీపు వాళ్ల వైపు తిరిగి, "వాన్ని వదలండి. ఇండ్లకు పోండి," అంది.

*

లారీ వెనక తాడు కట్టి బండిని ప్రొద్దుటూరు చేర్చారు. హెడ్డు దించి, గ్యాస్‌కెట్ మార్చి, కొత్త బిరడా వేయడానికి రెండు దినాలు పట్టింది. బుధవారం సాయంత్రం పద్మావతమ్మ షెడ్డుకు తనే వచ్చింది. ఫకీర్ సాహెబ్ చేతులు తుడుచుకుంటూ లేచి నిలబడ్డాడు. ఏం జరగబోయిందో అతనికి అప్పటికే తెలుసు. ఆమె క్షమించమని అనలేదు.

కూలెంటు డబ్బా ఆదెన్నే పట్టుకుని పోశాడు. పోస్తూ పోస్తూ వేలు ముంచి నాలుక దగ్గరికి తీసుకుపోబోతే సాయిబు చేతి మీద చరిచాడు. "నాకాకప్పా. తాగితే నిజంగానే సస్తారు."

ఆదెన్న కృపావరం వైపు చూశాడు. నేను చెప్పలేదా అన్నట్టు ఉంది ఆ చూపు. మూడు దినాల్లో మొదటిసారి కృపావరానికి నవ్వొచ్చింది.

"సాయిబూ," అంది పద్మావతమ్మ. "కోసిన వైరు మల్ల కలుపు."

సాయిబు కృపావరాన్ని చూశాడు. కృపావరం తలూపాడు.

ఆమె వెనక సీట్లో, భర్త ఎప్పుడూ కూర్చునే పక్కనే కూర్చుంది. "సంజీవమ్మ పులివెందులలో యాడుంటాదో తెలుసునా?"

"బస్టాండు వెనకమ్మా."

"ఆడికి పోనీ."

ఊరు దాటి రోడ్డు చక్కబడింది. కృపావరం గేరు మార్చాడు, వేగం పెంచాడు. ముల్లు సగంలో కదలకుండా ఉంది. ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. నాలుగు తలుపులూ ఒక్కసారిగా టక్‌మన్నాయి.

ఆదెన్న తన పక్క తలుపు వైపు, తర్వాత కృపావరం రెండు చేతులూ ఉన్న స్టీరింగు వైపు చూశాడు.

"ఇట్లనేనా?" అంది పద్మావతమ్మ.

"ఇట్లనేనమ్మా."

పులివెందుల బస్టాండు వెనక సందులో ఇడ్లీబండి పక్కన బండి ఆపాడు. ముక్కు గోడవైపే పెట్టి ఆపాడు, ఆ కట్టుబాటు అతనికి కూడా గుర్తు రాలేదు. గిన్నెలు తోముతున్న ఒక ఆడమనిషి జెండా చూసి, లేచి, తడిచేతులతో అట్లాగే నిలబడిపోయింది. పద్మావతమ్మ పిడి లాగింది. తలుపు రాలేదు. మళ్లీ లాగింది, భుజంతో తోసింది, రెండు చేతులా లాగింది. గాజులు తలుపుకు కొట్టుకున్నాయి. ఆదెన్న వెనక్కి తిరగబోయి, ఆమె మొహం చూసి, ముందుకే చూస్తూ ఉండిపోయాడు.

"ముందు గుబ్బమ్మా," అన్నాడు కృపావరం. "గుబ్బ పైకి లాగాల."

ఆమె గుబ్బ మీద చెయ్యి వేసి, లాగకుండా కాసేపు అట్లాగే కూర్చుంది. తర్వాత లాగి, తలుపు తీసుకుని, సంజీవమ్మ దగ్గరికి ఒక్కతే నడిచిపోయింది.